వ్యానమ్మ తెల్లదీపాలు

తోపుడుబండి మనిషి ఆమెకు కనబడలేదు. బండీ కనబడలేదు, దాని మీద మనిషెత్తు పేర్చిన ఖాళీ ట్రేలూ కనబడలేదు. చీకట్లోంచి ఒక అరచెయ్యి మాత్రం, ఆగమన్నట్టు, అద్దం ముందుకి వచ్చింది. ఉన్న బలమంతా కాల్లో పెట్టి బ్రేకు తొక్కింది. వ్యాను ముందుకి తూలి, జానెడు దూరంలో ఆగింది.

"ఏంటమ్మా?" అన్నారు వెనక సీట్లోంచి లెక్కల మాస్టారు.

"కుక్క అడ్డమొచ్చింది మాస్టారూ."

తోపుడుబండి మనిషి కిటికీ పక్కనుంచి బండి నెట్టుకుపోతూ లోపలికి ఒక్క చూపు చూశాడు. తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి. 

అందరూ ఆమెని వ్యానమ్మ అనే పిలిచేవాళ్లు. వయసు యాభై దాటి ఏడాది. పదమూడేళ్లుగా అదే పని, అదే వ్యాను. కొన్నప్పటికే దానికి ఆరేళ్లు. వారానికి మూడు రోజులు తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాలి. కిడ్నీలు పాడైన నలుగురిని వాళ్ల వాళ్ల గుమ్మాల దగ్గర ఎక్కించుకోవాలి. ఆరింటికల్లా పెద్దాసుపత్రిలో డయాలసిస్ వార్డు ముందు దించాలి. వాళ్లు నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకుంటారు, ఆమె వరండాలో బల్ల మీద కునుకు తీస్తుంది, మళ్లీ అందరినీ ఇళ్లకి చేరుస్తుంది. నలుగురిలో ఇద్దరు ఎక్కగానే నిద్రపోయే బాపతు. మెలకువగా ఉండేది రిటైరైన లెక్కల మాస్టారు, నోరూరుకోని టైలరమ్మ. ఈ ఇద్దరి మాటలతో గంటన్నర దారి ఇట్టే అయిపోయేది.

భర్త పోయాక ఇంట్లో ఆమె, ఆడపడుచు మాత్రం మిగిలారు. ఒక్కతే కూతురు, వేరే ఊళ్లో మందుల షాపులో పనిచేస్తోంది. ఆడపడుచు కోల్డ్ స్టోరేజీలో సరుకు ఎత్తిపెట్టే బండి నడుపుతుంది. అంతకుముందు ఐస్ వ్యాను నడిపింది. మనిషి కాస్త మొరటు, చేతులు మాత్రం బంగారం.

ఆ రోజు ఇంటికొచ్చాక వ్యానమ్మ పక్కగదిలో తలుపేసుకుని కూర్చుంది. కళ్ల ముందు వేలు పెట్టుకుని మెల్లగా పక్కకి జరుపుకుంటూ పోయింది. చెవి దాకా పోకముందే వేలు మాయమైంది. రెండో కన్నూ అంతే. అందరికీ ఎక్కడ మాయమవుతుందో ఆమెకి తెలీదు. ఎవర్నైనా అడుగుదామంటే ఎందుకని అడుగుతారు.

ఆ భయం కొత్తది కాదు. ఆరేడు నెలలుగా చీకట్లో తడబడుతూనే ఉంది. వాళ్ల నాన్నా డ్రైవరే. ఆమెకి పదకొండేళ్లప్పుడు సాయంత్రం ట్రిప్పులకి తోడు రమ్మనేవాడు. "ఊరికే కూర్చోకమ్మా, కనబడిందల్లా చెబుతూ ఉండు," అనేవాడు. అదేదో ఆట అనుకుందామె. "సైకిలు, నాన్నా. గొర్రెలు, నాన్నా. మలుపు, నాన్నా." ఏడాది తిరక్కుండా ఒక సాయంత్రం, ఆమె చాక్లెట్ కాగితం విప్పుకుంటున్న ఆ రెండు క్షణాల్లో, వాళ్లు ఒక ఫ్యాక్టరీ గేటు స్తంభాన్ని గుద్దారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నాన్న స్టీరింగు మీద తల పెట్టుకుని, "ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు. అప్పుడు అర్థమైంది ఆమెకి, అది ఆట కాదని. రేచీకటితో మొదలై, చూపు అంచుల నుంచి తినుకుంటూ వచ్చే జబ్బది. వంశంలో వస్తుందన్నారు డాక్టర్లు. అరవై దాటాక ఆయన సొంతింట్లో గోడ పట్టుకుని నడిచేవాడు.

"నాది కళ్ల దోషం కాదు, లైట్ల దోషం," అని ఆమె తనకి తానే చెప్పుకుంది. అందులో అబద్ధమూ లేదు. పందొమ్మిదేళ్ల వ్యాను. హెడ్‌లైట్ల అద్దాలు పసుపుపచ్చగా మసకబారిపోయాయి. వెలుతురు ఆముదం దీపం కంటే కొంచెం నయం.

వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లింది. ముసలాయన, వైర్లు పట్టుకుంటే కళ్లజోడు ముక్కు చివరికి జారుతుంది. లైట్లు వేయించి చూశాడు, ఆపి చూశాడు. అద్దం మీద బొటనవేలు రుద్దాడు.

"లైటు తక్కువే. అయినా నువ్వు పాతికేళ్ల నుంచీ బండి నడిపే మనిషివి. అద్దాలు ఇవాళ మసకబారినవి కాదు. ఇన్నాళ్లూ రాని ఇబ్బంది ఇప్పుడెందుకొచ్చింది?"

ఆమె బానెట్ మీద దుమ్ము తుడిచింది.

"కనబడనిది బండికా, నీకా?"

మామూలుగానే అడిగాడు. ఆమె మాత్రం పనుందని చెప్పి వ్యాను వెనక్కి తీసుకుని వచ్చేసింది. ఆ తరవాత నెలన్నర ఆ షాపు ముందు నుంచి పోవాల్సొస్తే చుట్టూ తిరిగి పోయేది.

స్పేర్ పార్టుల దుకాణంలో ఎల్‌ఈడీ బల్బులు దొరికాయి. "ఉన్నవాటిలో ఎక్కువ వెలుతురిచ్చేవి ఇవ్వు," అంది. దుకాణంవాడు నల్లపెట్టె ఒకటి ముందు పెట్టి, "ఇవి వేశాక మీకు సూర్యుడితో పనుండదు," అన్నాడు. పాత హెడ్‌లైటు డోములో ఇవి సరిగ్గా కూర్చుంటాయా అని ఆమె అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఆదివారం పొద్దుగూకే వేళ వదినా ఆడపడుచూ బానెట్ ఎత్తి పనిలో దిగారు. ప్లగ్గు లాగి, వెనకున్న రబ్బరు మూత ఊడదీసి, తీగ క్లిప్పు నొక్కితే పాత బల్బు చేతికొచ్చింది. బొటనవేలంత ఉంది, గాజు లోపల నల్లబడి. కొత్తదానికి వెనకాల చిన్న ఫ్యానొకటి. దాంతో అది లావుగా ఉంది. రబ్బరు మూత పట్టలేదు. ఆడపడుచు కత్తెర తెచ్చి మూతకి గుండ్రంగా కన్నం పెట్టింది.

"వదినా, ఇది సరిగ్గా కూర్చోవట్లేదు. కొంచెం వంకరగా ఉంది."

"తిప్పి నొక్కు. పడుతుంది."

తిప్పి నొక్కింది. పడింది. స్విచ్చి వేస్తే ఒకటి వెలిగింది, రెండోది వెలగలేదు. ప్లగ్గు తిరగేసి పెడితే అదీ వెలిగింది. ఎదురుగా షెడ్డు గోడంతా, పైకప్పు దాకా, తెల్లగా అయిపోయింది. పక్కింటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు కూడా కనబడుతున్నాయి.

"పెళ్లి పందిరిలా ఉంది," అంది ఆడపడుచు. వ్యానమ్మ నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వడం అదే మొదలు.

మర్నాడు తెల్లవారుజామున రోడ్డు పాలు ఒలకబోసినట్టుంది. బోర్డుల మీద అక్షరాలు, రాళ్లు, గుంటలు, చెట్ల పై కొమ్మలు, అన్నీ కనబడ్డాయి. "చూశావా, లైట్లే," అనుకుంది. గుండెల మీద నుంచి బండరాయి దించినట్టయింది. టైలరమ్మ కూడా, "ఇంత వెలుతురుంటే నేను వ్యాన్లోనే కాజాలు కుట్టుకుంటాను," అంది.

కాకపోతే ఎదురొచ్చే బళ్లు లైట్లు కొట్టడం మొదలెట్టాయి. మొదట ఒకటీ అరా. తరవాత ప్రతి రెండో బండీ. ఒక లారీ అతను పక్కకొచ్చి ఆపి మరీ ఏదో అరిచి పోయాడు. వాళ్లకి ఓర్వలేనితనం అనుకుందామె. లోపల మాత్రం ఇంకో సంగతి తెలుస్తూనే ఉంది. వెలుతురు పడ్డచోట పట్టపగలులా ఉంది గానీ, దాని అంచు దాటితే ఇదివరకటి కన్నా చిక్కటి చీకటి. రోడ్డు పక్కన ఏముందో బొత్తిగా తెలియడం లేదు. ఆ సంగతి ఆలోచించకుండా ఉండటానికి టైలరమ్మని ఏదో ఒకటి అడుగుతూ ఉండేది.

ఆరో వారం బుధవారం, కాలవ మలుపు దగ్గర జరిగింది. ఎదురుగా ఒక స్కూటరు వస్తోంది, ఒకే ఒక్క దీపం. మలుపు తిరుగుతుండగా ఆ దీపం అటూ ఇటూ ఊగింది. తరవాత లేదు. చప్పుడు పెద్దగా రాలేదు. ఏదో బస్తా జారి పడ్డట్టు వచ్చింది, అంతే.

ఆమె వ్యాను ఆపి దిగింది. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. రోడ్డు మీద పేపర్లు పరుచుకుని ఉన్నాయి, కట్టలు కట్టలుగా. మనిషి లేడు.

"ఎక్కడున్నారు? బాబూ, ఎక్కడున్నారు?"

"ఇక్కడ," అన్నారెవరో, చాలా దగ్గర నుంచి.

ఆమె అటు తిరిగింది. నలుపు. ఇటు తిరిగింది. నలుపు. రెండడుగులు వేసి మళ్లీ ఆగింది, ఎక్కడ తొక్కేస్తానో అని. "ఇక్కడే ఉన్నానండీ," అని ఆ గొంతు మళ్లీ అంది, ఈసారి ఆశ్చర్యంగా. ఈలోపు లెక్కల మాస్టారు కర్ర ఆనించుకుంటూ మెల్లగా దిగి వచ్చారు. డెబ్భై ఏళ్ల మనిషి, చేతికి సూదుల మచ్చలు, గట్టిగా పది అడుగులు వేస్తే ఆయాసం. ఆయన నేరుగా వెళ్లి, ఆమె కాళ్లకి మూడు బారల దూరంలో, కాలవ గట్టు మీద వంగి చెయ్యి అందించారు. పేపరతను మోకాలి లోతు నీళ్లలో, గట్టుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆకాశం అప్పటికే బూడిదరంగుకి తిరుగుతోంది. మాస్టారికి అతను కనబడ్డాడు. ఆమెకి కనబడలేదు.

మాస్టారు ఆమె వైపు చూశారు.

పేపరతని మణికట్టు విరిగినట్టుంది. వ్యాన్లో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, అదే ఆసుపత్రికి తీసుకుపోయింది. అతను వణుకుతూ చెబుతున్నాడు. "తెల్లగా అయిపోయిందండీ. ఏదీ కనబడలేదు. రోడ్డు ఎటుందో కూడా. ఏ బండో ఏమో." కాసేపాగి అన్నాడు, "మీరు ఆగారు. చాలామంది ఆగరు."

అతను పడ్డప్పుడు అటు నుంచి వచ్చింది తన వ్యాను ఒక్కటేనని ఆమెకి తెలుసు. ముందున్న పాతిక నిమిషాల దారిలో ఆమె మనసులో మెదిలింది రోడ్డు కాదు. పోలీసులు, లైసెన్సు, వ్యాను, కూతురు. అన్నిటి కంటే ముందు, స్టీరింగు మీద వంగిన నాన్న తల.

డయాలసిస్ వార్డులో యంత్రాలు ఒకే శ్రుతిలో గుయ్యిమంటున్నాయి. మామూలుగా ఆమె లోపలికి రాదు. ఆ రోజు వచ్చి మాస్టారి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

"మాస్టారూ, ఆ రోజు కుక్క కాదు."

"తెలుసు."

"మనిషి."

"తెలుసమ్మా. నా కర్ర నీ కాలికి అడ్డం పడి మూడుసార్లు తూలావు. పొద్దున నాకు చెయ్యి అందించేటప్పుడు గాల్లో వెతుకుతావు. ఎనిమిది నెలల నుంచి చూస్తున్నాను."

"తెలిసి ఎందుకెక్కారు?"

మాస్టారు గొట్టంలో తిరుగుతున్న తన రక్తాన్ని చూసుకున్నారు.

"ఎక్కినప్పుడల్లా భయమే. సీటు ముందున్న కడ్డీ పట్టుకుని కూర్చునేవాణ్ని. కానీ ఆ సంగతి పైకి అంటే నువ్వు వ్యాను ఆపేస్తావు. ఆపేస్తే మా నలుగురినీ ఆ వేళప్పుడు ఎవరు తీసుకొస్తారు? రెండుసార్లు రాకపోతే నేనుండను. ఆ లెక్క వేసుకుని నోరు మూసుకున్నాను. తప్పు నాదీ ఉంది."

పక్క మంచం మీద టైలరమ్మ కళ్లు మూసుకుని పడుకుంది గానీ నిద్రపోవట్లేదు. ఆమె కంటి చివర నీళ్లు కారి దిండులోకి పోయాయి.

వ్యానమ్మ లేచి, కింద అంతస్తులో కట్లు కట్టే గది ముందు నిలబడింది. పదినిమిషాలు నిలబడింది. ఒకసారి మెట్లదాకా వెనక్కి కూడా వచ్చింది. చివరికి లోపలికి వెళ్లి, పేపరతని మంచం పక్కన నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. లైట్లు నావి. పక్కనున్నవి నాకు కనబడవు. మీరు పక్కనుంచే పిలుస్తున్నా నాకు కనబడలేదు.

అతను కట్టు కట్టిన చేతి వంక చూసుకున్నాడు. ముఖంలో కృతజ్ఞత ఎక్కడికక్కడ ఆరిపోయింది.

"నా వెనక మా ఆవిడ కూర్చుని ఉంటే?" అన్నాడు. "రోజూ కూర్చుంటుంది. ఇవాళ జ్వరం."

అతను కట్టు మీద రెండో చెయ్యి వేసుకున్నాడు.

"ఫిర్యాదు ఇస్తానో లేదో ఇంకా నాకే తెలీదు. ముందు ఆ లైట్లు తీసెయ్యండి. ఇవాళే."

మధ్యాహ్నం అందరినీ ఇళ్ల దగ్గర దించేసి, నేరుగా ఎలక్ట్రీషియన్ షాపుకి పోయింది. ముసలాయన ఏమీ దెప్పలేదు. షట్టరు సగం దించి, లోపల మసక చేసి, వ్యానుని గోడకి ఎదురుగా నిలబెట్టించాడు. తెల్లదీపాలు వేస్తే గోడంతా, తలకి పైన కూడా, వెలుతురు చిమ్మింది. తరవాత ఒక వైపు పాత బల్బు పెట్టి చూపించాడు. వెలుతురు గోడ మీద నడుం ఎత్తున గీత గీసినట్టు ఆగింది. గీతకి పైన చీకటి.

"ఆ చీకటి ఎదుటివాడి కళ్లకి. ఈ డోము పాత బల్బులోని చిన్న తీగ వెలుగుకి తయారుచేసింది. నువ్వు పెట్టినదాని వెలుగు వేరే చోట నుంచి పుడుతుంది. పైగా వంకరగా బిగించారు. అటు ఎదుటివాడికి కళ్లు బైర్లు. ఇటు ముందు మరీ తెల్లగా ఉండేసరికి నీ కళ్లు ముడుచుకుని, పక్కనున్నవి ఇంకా కనబడవు."

మసకబారిన అద్దాలు ఊడదీసి కొత్తవి వేశాడు. మామూలు బల్బులు పెట్టి, గోడ మీద సుద్దతో గీత గీసి, మర తిప్పుతూ రెండు వైపులా సరిచేశాడు. అంతా అయ్యాక కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "బండికి చేయాల్సింది చేశాను," అన్నాడు. మిగతా సగం అనలేదు.

ఆ సాయంత్రం ఆడపడుచుకి చెప్పింది. ఆడపడుచు గిన్నెలు తోముతోంది, తోముతూనే వింది. చివర్లో కుళాయి కట్టేసి, "ఆ మూతకి కన్నం పెట్టింది నేనే కదా," అంది. "రేపు కళ్ల డాక్టరు దగ్గరికి పోదాం. ఎల్లుండి నుంచి వ్యాను నేను తోల్తాను. నా డ్యూటీ మధ్యాహ్నానికి మార్చమని అడుగుతా. మార్చకపోతే వేరే పని చూసుకుంటా. ఇందులో మళ్లీ మాట్లాడేది లేదు."

కంటి ఆసుపత్రిలో ఆమెని చీకటి గదిలో, పెద్ద తెల్లగిన్నె లాంటి యంత్రం ముందు కూర్చోబెట్టారు. గడ్డం ఆనించి, మధ్యలో చుక్క మీద నుంచి చూపు తిప్పకూడదు. ఎక్కడైనా మెరుపు కనబడితే చేతిలో బటన్ నొక్కాలి. మెరుపులు కొన్ని వచ్చాయి, నొక్కింది. తరవాత చాలాసేపు ఏమీ లేదు. కానీ యంత్రం కదులుతున్న చప్పుడు వినబడుతోంది, టక్, టక్ అని. అంటే ఎక్కడో మెరుస్తోంది. ఆమెకే కనబడట్లేదు. చప్పుడు విని రెండుసార్లు బటన్ నొక్కేసింది.

"కనబడితేనే నొక్కండమ్మా," అంది పక్కనున్న అమ్మాయి మెత్తగా.

మళ్లీ నొక్కలేదు. చప్పుళ్లు వింటూ, చుక్కని చూస్తూ, చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

డాక్టరమ్మ కాగితం బల్ల మీద పరిచింది. మధ్యలో తెలుపు, చుట్టూ నలుపు. "మీ నాన్నగారికి ఉందని చెప్పారే, ఆ జబ్బే," అంది. చాలా నెమ్మదిగా నడిచే రకమనీ, ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరనీ, ఆరునెలలకోసారి రావాలనీ అంది. చీకట్లో బండి ముట్టుకోవద్దంది. పగలైనా మనుషుల్ని ఎక్కించుకుని నడపొద్దంది. ఇన్నేళ్లుగా భయపడ్డ మాట చెవిన పడ్డాక వ్యానమ్మకి ఏడుపు రాలేదు. ఇంకాసేపు కూర్చోవచ్చా అని అడిగింది.

"పిల్లలున్నారా?" అంది డాక్టరమ్మ. "ఉంటే వాళ్లకీ ఒకసారి చూపించండి."

ఆ ప్రశ్న ఆమె ఊహించలేదు. ఇన్నాళ్లూ తన కళ్ల గురించి భయపడటంలో పడి, కూతురి కళ్ల సంగతి ఒక్కసారైనా తలుచుకోలేదు. ఇంటికొచ్చాక ఫోను చేతిలోకి తీసుకుని పక్కన పెట్టింది. అలా మూడు రోజులు. నాలుగో రోజు చేసింది. కూతురు మొత్తం విని, "ఎన్ని నెలలు దాచావు?" అని మాత్రం అడిగింది. తొమ్మిది, అని చెప్పింది. ఆ వారాంతం పిల్ల వచ్చింది. అదే చీకటి గదిలోకి వెళ్లింది. బయట బెంచీ మీద వ్యానమ్మ, పక్కన ఆడపడుచు. లోపలి నుంచి యంత్రం చప్పుడు సన్నగా వినబడుతోంది. ప్రతి టక్కుకీ, ఇప్పుడు నొక్కిందా, ఇప్పుడు నొక్కిందా అని వ్యానమ్మ బొటనవేలు దానంతటదే వంగేది.

కూతురు బయటికొచ్చి, "ఇప్పటికి ఏమీ లేదన్నారు," అంది. "ఏడాదికోసారి రమ్మన్నారు. రక్త పరీక్ష కూడా ఒకటుందట. చేయించుకోవాలో వద్దో ఆలోచించుకుంటాను." తల్లి పక్కన కూర్చుంది. కోపం ఇంకా పోలేదు, అయినా చెయ్యి తీసుకెళ్లి తల్లి చేతి మీద పెట్టింది.

పేపరతను ఫిర్యాదు ఇవ్వలేదు. క్షమించాననీ అనలేదు. చెయ్యి అతుక్కోవడానికి ఏడు వారాలు పట్టింది. అన్నాళ్లూ తెల్లవారాక, వార్డు రోజుల్లో నలుగురినీ దించేశాక, ఆడపడుచు వ్యాను తోలుతుంటే వ్యానమ్మ దిగి అతని వీధుల్లో పేపర్లు వేసి వచ్చింది. అతని భార్య మొదటి వారం ఆమెతో మాట్లాడలేదు. మూడో వారం ఏ ఇంటికి ఏ పేపరో రాసిన చీటీ మార్చి ఇస్తూ, "మేడ మెట్లు చూసుకుని ఎక్కండి," అంది.

వ్యాను ఇప్పటికీ నాలుగున్నరకే బయల్దేరుతుంది. వ్యానమ్మ వెనక మాస్టారి పక్కన కూర్చుంటుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అందరి చేతులూ పట్టుకునేది ఆమే. ఆడపడుచు తోలుడు కాస్త దూకుడు. మలుపుల దగ్గర మాస్టారు కడ్డీ పట్టుకుంటారు. వ్యానమ్మ కూడా పట్టుకుంటుంది.